వాసన లేని శుక్రవారం

పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నం, బంధువులింట భోజనం ముగించుకుని మా అల్లుడి కారులో మద్రాసు తిరువొత్తియూరు హైరోడ్డు మీద వస్తున్నాం. పట్టపగలే పోలీసులు రోడ్డుకు అడ్డంగా ఇనుప కంచెలు పెట్టి బండ్లు ఆపుతున్నారు. ఒక పోలీసు కిటికీలోంచి చేయి చాపి, పిడికిట్లో పట్టేంత మిషను మా అల్లుడి నోటి ముందు పెట్టాడు. ఊదమన్నాడు, ఊదాడు, సున్నా వచ్చింది, పొమ్మన్నాడు. నేను కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకునేంత సేపు కూడా పట్టలేదు. నేను వెనక సీట్లోంచి తల బయటపెట్టి, మనిషి వంక చూడకుండా మిషను వంక చూస్తే ఏం తెలుస్తుందయ్యా అని తమిళంలో అడిగాను. అతను నవ్వి చేత్తోనే పొమ్మన్నాడు. మా అల్లుడు విజయవాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ కంప్యూటరు ఉద్యోగం చేసుకుంటున్నవాడు, నెమ్మదస్తుడు. కారు కాస్త ముందుకు పోయాక, "మావయ్యగారూ, సున్నా వచ్చింది కదండీ, ఇంక మీకెందుకండీ ఇవన్నీ" అన్నాడు. మర్యాదగానే అన్నాడు గాని, ఆ 'మీకెందుకండీ' అన్న ముక్క నేను మరిచిపోయే రకాన్ని కాను. నాకెందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా వయసువాళ్ళలో మనలి వైపు పనిచేసినవాళ్ళుంటే గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో అక్కడ ట్యాంకరు లారీల యార్డులు వరసగా ఉండేవి, గాలి ఎటు తిరిగితే అటు గంధకం వాసనా డీజిలు వాసనా కలిసి వచ్చేవి, ఉతికి ఆరేసిన చొక్కా తీసేటప్పటికి మళ్ళీ ఉతకాలనిపించేది. అలాంటి చోట వాసన పట్టడమే ఉద్యోగంగా పదిహేడేళ్ళు బతికినవాణ్ణి నేను. మా యార్డు లారీ ఒకటి తాగిన డ్రైవరు చేతిలో కాలవలోకి బోల్తాపడ్డాక యజమాని ఒక ఏర్పాటు చేశాడు. తాళాలన్నీ ఒక గదిలో మేకులకు తగిలించి ఉంటాయి. డ్రైవరు పొద్దున్నే కిటికీ దగ్గరికి వచ్చి ఊపిరి వదలాలి, లోపలున్న గుమాస్తా వాసన చూసి తాళం ఇవ్వాలి, లేకపోతే ఇంటికి పంపాలి. ఆ గుమాస్తాను నేను. ఊదమంటే సగం ఊపిరి లోపలే దాచుకుంటారని కనిపెట్టి, లారీ నంబరు ఒక్కొక్క అంకెగా గట్టిగా చెప్పించేవాణ్ణి, మాట్లాడేటప్పుడు ఊపిరి దాచుకోవడం ఎవరి తరమూ కాదు.

ఎన్ని వేషాలు చూశానో! లవంగం నమిలి వచ్చేవాళ్ళు, పచ్చి ఉల్లిపాయ కొరికి వచ్చేవాళ్ళు, జామాకు నలిపి పళ్ళకు రుద్దుకునేవాళ్ళు, చొక్కా కాలరుకు డీజిలు పూసుకునే మహానుభావులు. కొన్నాళ్ళకు నాకు మంచి వాసన మీద కూడా నమ్మకం పోయింది. పిప్పరమెంటు వాసన వేస్తే దాని వెనక ఏముందా అని చూసేవాణ్ణి, ఏ వాసనా లేకుండా వచ్చినవాడి మీదైతే మరీ అనుమానం. ఇంట్లో మా ఆవిడ పెట్టిన రసం కూడా వాసన చూడకుండా నోట్లో పెట్టుకునేవాణ్ణి కాదని ఆమె ఇప్పటికీ దెప్పుతుంది. డ్రైవర్లు నాకు ముక్కు గుమాస్తా అని పేరు పెట్టారు. టీ కొట్టు దగ్గర నేను కనిపిస్తే చాలు, "రేయ్, ముక్కొస్తాండాది, నోళ్ళు మూసుకోండ్రా" అని ఒకడంటే పదిమంది నవ్వేవాళ్ళు. ఎవరెవరు నవ్వారో వరసగా చెప్పమన్నా చెప్పగలను.

ఆ వరసలో మొదటివాడు మా బావ, మా అక్క మొగుడు. మా నాన్న పోయాక వాషర్‌మెన్‌పేట్‌లో వాళ్ళ రెండు గదుల ఇంట్లోనే ఆరేళ్ళు పెరిగాను. ఈ ఉద్యోగం కూడా ఆయన సూపర్‌వైజరుతో చెప్పిస్తే వచ్చిందే. కాదనను. కాని నేను కిటికీ దగ్గర కూర్చున్న మొదటి వారంలోనే, వరసలో నిలబడ్డ డ్రైవర్లందరి ముందూ ఆయన, "ఈడు నా ఇంట్లో గంజి తాగి పెరిగినోడు. ఈడా నా నోరు వాసన చూసేది?" అన్నాడు. అబద్ధం చెప్పి ఉంటే నేనూ నవ్వి ఊరుకునేవాణ్ణి. నిజం కాబట్టి లోపల దిగబడిపోయింది. ఆ మర్నాటి నుంచి అందరితో నంబరు ఒకసారి చెప్పిస్తే బావతో మూడుసార్లు చెప్పించాను. ఆయన కూడా తక్కువ తినలేదు. "ఏం బామ్మర్దీ, నాష్టా తిన్లేదా, నా నోటి గాలితోనే కడుపు నింపుకుంటాండావా?" అని అడిగేవాడు. చాలాసార్లు తాళం ఇవ్వకుండా వెనక్కి పంపాను, ఎందుకంటే చాలాసార్లు ఆయన తాగే వచ్చేవాడు. పొద్దున్నే ఒక గుక్క పడకపోతే ఆయనకు పని మొదలయ్యేది కాదు. ఒకసారి మా అక్క మా ఇంటిదాకా వచ్చి గుమ్మంలోనే నిలబడి, "రేయ్ తమ్ముడా, ఒక్కోదినం కళ్ళు మూసుకోరా, ఈడ పొయ్యి ఎలగాల గదరా" అని అడిగింది. కళ్ళు మూసుకుంటే ఎవరి పొయ్యిలు ఆరిపోతాయో తెలుసా అన్నాను. మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది. అది ఆమె లెక్కలో నా తప్పు, నా లెక్కలో ఆమె తప్పు.

మాది తెలుగు క్రైస్తవ కుటుంబం. ఈస్టరుకు ముందు నలభై దినాలు శ్రమదినాలని మాంసం మానేవాళ్ళు మానతారు, తాగేవాళ్ళు తాగుడు మానతారు. మా బావ ఏడాదంతా ఎలా ఉన్నా, శ్రమదినాలు మొదలయ్యే బూడిద బుధవారం ఆరాధనకు వెళ్ళి, చర్చి అయ్యగారి ముందు తీర్మానం చేసుకుని వచ్చేవాడు, ఈస్టరు దాకా ముట్టేవాడు కాదు. మా ఇళ్ళల్లో దీన్ని ఎంత గొప్పగా చెప్పుకునేవాళ్ళో! నలభై దినాలు మానగలిగినవాడు తాగుబోతు ఎలా అవుతాడు అనేది మా అక్క వాదన, మా అమ్మ వాదన, చివరికి అయ్యగారి వాదన కూడా. మొదటి మూడు నాలుగు రోజులు బావకు చెమటలు పోసేవి, చేతులు వణికేవి, నిద్ర ఉండేది కాదు. సాతాను వదులుతున్నాడని అందరూ చుట్టూ కూర్చుని ప్రార్థన చేసేవాళ్ళు. వణుకు ఎంత ఎక్కువైతే తీర్మానం అంత గట్టిదని లెక్క. ఒక ఏడాది కంటే మరో ఏడాది వణుకు పెరుగుతుంటే మా అక్క సంతోషించింది. తప్పు పట్టడానికి నాకు నోరు రాదు, ఆ ప్రార్థనలో మోకాళ్ళ మీద నేనూ ఉన్నాను. కాని నేను ఒక కన్ను తెరిచి ఆయన జేబు వంక చూస్తుండేవాణ్ణి, ఎక్కడైనా సీసా ఉందేమోనని.

నేను చెప్పబోయే ఏడాది, బూడిద బుధవారం మధ్యాహ్నం బావ ఇదే చివరిదని తాగి, సాయంత్రం తీర్మానం చేసుకున్నాడు. గురువారం పనికి రాలేదు. శుక్రవారం పొద్దున కిటికీ ముందుకు వచ్చాడు. తెల్ల చొక్కా, తల దువ్వుకుని పెళ్ళికొడుకులా ఉన్నాడు. వెనక ఏడెనిమిది మంది డ్రైవర్లు వరసలో ఉన్నారు. చల్లటి పొద్దు, అయినా ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, అయినా సగం ఒలకబోసుకుని, మిగతాది తాగకుండానే కిటికీ అరుగు మీద పెట్టేశాడు. నంబరు చెప్పమన్నాను. చెప్పాడు. వాసన లేదు. మళ్ళీ చెప్పమన్నాను. లేదు. లవంగం లేదు, ఉల్లి లేదు, ఏమీ లేదు. మూడోసారి చెప్పేటప్పుడు నడుమ ఒక అంకె తప్పాడు. తొమ్మిదేళ్ళుగా తోలుతున్న బండి నంబరు!

నిజం చెప్పాలంటే నాకప్పుడు ఆయన ఆరోగ్యం గురించి ఆలోచనే రాలేదు. వాసన రాని మత్తు బిళ్ళలేవో కొత్తగా దొరికాయని, నన్ను ఓడించడానికి పన్నిన పన్నాగమని అనుకున్నాను. మేకుకున్న తాళం తీసి నా జేబులో వేసుకుని, ఇవ్వనన్నాను. వరసలో వాళ్ళందరూ కిటికీ చుట్టూ మూగారు. "వాసన ల్యాక పోయినా ఇయ్యకపోతే ఇంకేం చూస్తాడప్పా ఈ ముక్కు, జాతకం చూస్తాడా?" అని ఒకడన్నాడు. సూపర్‌వైజరు వచ్చి, వాసన ఉందా లేదా ఒక్క మాట చెప్పమన్నాడు. లేదన్నాను. మరి తాళం ఇవ్వమన్నాడు. ఇవ్వనన్నాను. ఇంటి పగలు యార్డులో పెట్టుకుంటే ఉద్యోగం ఉండదని అందరి ముందూ అన్నాడు. ఆ మాట కూడా నేను మరిచిపోలేదు. బావ మాత్రం ఆ రోజు వెటకారం చేయలేదు. కిటికీ ఊచలు పట్టుకుని, గొంతు తగ్గించి, "నలభై దినాలు తీర్మానం చేసినాన్రా. దేవుడు నమ్మినాడు. నువ్వు నమ్మవా?" అన్నాడు. నమ్మనన్నాను.

అప్పుడు ఆయన చేతులు ఊచల మీద నుంచి జారాయి. కళ్ళు పైకి పోయాయి, పళ్ళు బిగుసుకున్నాయి, నిలువునా వెనక్కి పడి కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది. అందరూ ఒక్కసారే అరిచారు, ఇనుము పెట్టండి, చేతిలో ఇనుము పెట్టండి అని. ఫిట్సు వచ్చినవాడి పిడికిట్లో తాళంచెవి పెడితే తగ్గుతుందని మన వాళ్ళ నమ్మకం మీకు తెలిసిందే. నేను తలుపు తీసుకుని పరిగెత్తుకొచ్చి, ఏం చేస్తున్నానో తెలియకుండానే నా జేబులోంచి తాళం తీసి ఆయన గుప్పిట్లో పెట్టి మూశాను. అది ఆయన లారీ తాళమే. అంతసేపూ అందరూ ఇవ్వమన్నది అదే. గుప్పిట గట్టిగా బిగుసుకుంది, తర్వాత పెద్దాసుపత్రిలో కూడా వేళ్ళు విడదీసి తీయాల్సి వచ్చింది. నిండు ట్యాంకరుతో హైరోడ్డు మీద ఉండగా ఇదే జరిగి ఉంటే అన్న మాట ఆ దినం ఎవరూ అనలేదు. అందరూ నా వంకే చూశారు.

ఆసుపత్రిలో బావ వారం రోజులు ఈ లోకంలో లేడు. మంచం మీద కూర్చుని గాల్లో స్టీరింగు తిప్పేవాడు, ఎదురుగా ఎవరో అడ్డం వస్తున్నారని అరిచేవాడు. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి ఏం జరిగిందని అడిగింది. ఎందుకడుగుతోందో, ఏ కాగితం మీద నా సంతకం పెట్టిస్తుందో అని ముందు సగమే చెప్పాను. తర్వాత మొత్తం చెప్పాను. ఆమె చెప్పింది మాత్రం ఇది: ఏళ్ళ తరబడి రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి ఒక్కసారిగా మానేస్తే ఒళ్ళు తట్టుకోలేదు, రెండో రోజో మూడో రోజో ఫిట్సు వస్తాయి, ప్రాణం కూడా పోవచ్చు. మానాల్సిందే, కాని డాక్టరు చేతి కింద, మందులతో మానాలి. ఏటేటా అలా ఆపి మొదలుపెట్టడం వల్ల ఒళ్ళు ఇంకా చెడిపోయింది. ఆ వణుకు సాతాను కాదు, జబ్బు. పడ్డవాడి చేతిలో తాళం పెట్టడం వల్ల ఏ ఉపయోగమూ లేదు, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ కుక్కకూడదు. ఇన్ని చెప్పి, మీరు తాళం ఇవ్వకపోవడం మంచిదైందని కూడా అన్నది. ఆ ఒక్క మాట వినడానికి మా అక్క అక్కడ లేదు, అదీ నా రాత.

ఆమె ఉన్నప్పుడు నేను విన్నది వేరు. వార్డు బయట, నలుగురు చూస్తుండగా, "దేవుడి దినాల్లో మనిషిని నిలబెట్టి మూడుసార్లు ఊదిచ్చినావు గదరా సచ్చినోడా! నీ అనుమానమే ఆయన్ని పడేసింది" అన్నది. ఐదు నెలలు నాతో మాట్లాడలేదు. నా పిల్లకు జ్వరమొస్తే కూడా పక్కింటివాళ్ళతో అడిగించింది గాని నేరుగా అడగలేదు.

ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరమ్మ తిరువొత్తియూరులో ఒక బడి హాలు గురించి చెప్పింది. ప్రతి మంగళవారం సాయంత్రం తాగుడు మానినవాళ్ళూ మానాలనుకునేవాళ్ళూ అక్కడ కూర్చుని మాట్లాడుకుంటారని, డబ్బులేమీ అడగరని, మొదట్లో ఇంటి మనిషి ఒకరు తోడు వెళ్ళాలని అన్నది. డబ్బు అడగరన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. మా అక్కకు ఇంటిపని, పిల్లలు. తోడు పోవడానికి మిగిలింది నేను. మాటలు లేకపోయినా కబురు పంపింది. ఇద్దరం ఒకే బస్సులో వేరువేరు సీట్లలో కూర్చుని వెళ్ళాం. హాలులో నేను తలుపు దగ్గరి బల్ల మీద కూర్చుని, వచ్చిన ప్రతివాడి దగ్గరా ఊపిరి పీల్చి చూశాను. ఎవరి దగ్గరా వాసన లేదు. అయినా నమ్మలేదు. అక్కడ విన్నది బయట చెప్పకూడదని నియమం పెట్టారు, అది ఇంకా అనుమానంగా తోచింది. కాని ఆ నియమాన్ని ఇవ్వాళ్టికీ తప్పలేదు, కాబట్టి మిగతావాళ్ళ మాటలు ఇక్కడ రాయను.

మా బావ మాటలు మా ఇంటివి కాబట్టి రాస్తాను. ఆయన అక్కడ నోరు విప్పింది నాలుగో నెలలో. దేవుడికి వందనాలు చెప్పాడు, మా అక్కకు, డాక్టరమ్మకు, అయ్యగారికి, ఆసుపత్రిలో మంచం తుడిచిన ఆయాకు, ఆఖరికి హాలులో టీ పోసే మనిషికి కూడా చెప్పాడు. నా పేరు రాలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్‌స్టాపులో ఇంక ఆపుకోలేక అడిగేశాను, టీ పోసేవాడు గుర్తొచ్చాడు గాని నేను గుర్తు రాలేదా అని. చాలా నెలల తర్వాత ఆయన నవ్వడం అప్పుడే చూశాను.

"నీకు థాంక్స్ చెప్తే నీ కోపం చల్లారిపోద్ది రా. కోపం చల్లారితే మంగళారం మంగళారం నాతో ఎవుడొస్తాడు?"

బస్సు ఇంకా రాలేదే అన్నాను.

డాక్టరమ్మ కాగితం ఇచ్చేదాకా, అంటే ఏడాదిన్నర, ఆయన బండి ఎక్కలేదు, యార్డులోనే టైర్ల పని చేశాడు. మళ్ళీ కిటికీ ముందుకు వచ్చిన మొదటి పొద్దున నంబరు చెప్పమని నేను అనకముందే రెండు చేతులూ చాచి అరుగు మీద వెల్లకిలా పెట్టాడు. నేను తొందరపడలేదు. వరస ఆగిపోయినా, వెనకవాళ్ళు సణిగినా, తిప్పించి మరీ చూశాను. తర్వాత అందరి చేతులూ చూడడం మొదలుపెట్టాను. వణుకుతూ వచ్చినవాణ్ణి ఇంటికి పొమ్మనకుండా డాక్టరు దగ్గరికి పంపించాం, నలుగురైదుగురు అలా బాగుపడ్డారు కూడా. అందులో ఒక్కడూ నాకు కృతజ్ఞత చెప్పలేదు. మా అయ్యగారు కూడా ఆ తర్వాతి ఏడాది నుంచి శ్రమదినాలకు ముందు ఆదివారం, బాగా తాగే అలవాటున్నవాళ్ళు డాక్టరును కలిసి గాని తీర్మానం చేయకండని ప్రసంగంలోనే చెప్పడం మొదలుపెట్టారు. ఆ సంగతి ఆయనకు ఎవరి వల్ల తెలిసిందో మాత్రం చెప్పలేదు.

బావ రిటైరయ్యేదాకా తాగలేదు, తర్వాతా తాగలేదు. ఎన్నో మంగళవారాలు కలిసి వెళ్ళాం. వేరువేరు సీట్లు పోయి ఒకే సీటయింది, దారి పొడుగునా పాత సంగతులు తవ్వుకుని పోట్లాడుకునేవాళ్ళం. చివరి రోజుల్లో మంచాన ఉన్నప్పుడు కూడా, ఇప్పుడైనా చెబుతాడేమోనని నేను పక్కనే కూర్చున్నాను. ఆయన నా వంక చూసి, నా ఆశ కనిపెట్టి, గోడ వైపు తిరిగి నవ్వుకున్నాడు. చెప్పకుండానే వెళ్ళిపోయాడు. ఆ మోసం నేను ఎలా మరిచిపోతాను?

ఇప్పుడు ఆ హాలు ఏదో కోచింగు సెంటరుకు అద్దెకిచ్చారు. మంగళవారం కూటం ఫోన్లోకి మారింది. ఎక్కడివాళ్ళు అక్కడే కూర్చుని మాట్లాడొచ్చని, రాను పోను బాధ లేదని కుర్రవాళ్ళు సంతోషిస్తున్నారు, దూరాల వాళ్ళు చాలామంది చేరారు, అది మంచిదే, కాదనను. మా అల్లుడు నాకూ ఫోన్లో పెట్టి ఇచ్చాడు. చూశాను. చిన్నచిన్న గళ్ళల్లో ముఖాలు, అందరూ శుభ్రంగా, నవ్వుతూ, బాగానే ఉన్నామంటున్నారు. ముఖాలు కనిపిస్తాయి గాని చేతులు కనిపించవు. కొత్తగా చేరిన ఒకతన్ని చేతులు చూపించమన్నాను. అతను గడిలోంచి మాయమయ్యాడు. పెద్దాయనా, ఇక్కడ అలా అడగకూడదని ఎవరో మెత్తగా చెప్పారు. ఈ రోజుల్లో అందరూ మెత్తగా చెబుతారు. ఎవరూ ఎవరినీ అనుమానించరు, ఎవరూ ఎవరి గుమ్మంలోనూ నిలబడి తిట్టరు.

ఫోను కట్టేసి, చెప్పులు వేసుకుని తిరువొత్తియూరు బస్సెక్కాను. హాలు ముందు మెట్ల మీద ఒక ముసలాయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పాత మనిషే, మంగళవారాల్లో చూసిన ముఖమే, ఆయనకూ ఫోను మీద నమ్మకం లేదనుకుంటాను. పక్కన కూర్చున్నాను. అలవాటు కొద్దీ ఆయన చేతుల వంక చూశాను, వణుకుతున్నాయి. ఆయనా నా చేతుల వంక చూశాడు, అవీ వణుకుతున్నాయి. డెబ్బై దాటాక ఎవరివైనా వణుకుతాయి. అయినా ఆయన కాస్త ముందుకు వంగి, నా ముఖానికి దగ్గరగా వచ్చి, ముక్కుతో గాలి పీల్చి, కళ్ళు చిన్నవి చేసి నన్ను అనుమానంగా చూశాడు. నన్ను ఎవరైనా అంత దగ్గరగా వచ్చి అలా చూసి ఎన్నేళ్ళయిందో గుర్తు రాలేదు. చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాను.